ఆఫీసును కంప్యూటర్‌లోకి మార్చే బాధ్యత మీద పడితే ముందు ఏం నేర్చుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: పాతికమంది పనిచేసే సంస్థలో రిజిస్టర్లన్నీ సాఫ్ట్‌వేర్‌లోకి మార్చే బాధ్యత మీకు అప్పగించారు. సిబ్బందిలో సగం మంది రిటైర్మెంటుకు దగ్గరపడ్డవాళ్ళు. మీకు టెక్నాలజీ అంతగా తెలియదు. నాయకుడిగా ఏ నైపుణ్యాలు కావాలి, ముందు ఏ కోర్సు చేయాలి అని అడిగారు.

కోర్సు సంగతి తర్వాత చూసుకోవచ్చండి. కోస్తాలో ఒక జిల్లా సహకార కేంద్ర బ్యాంకు తరఫున పల్లెల్లోని ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాల కంప్యూటరీకరణ పని దగ్గరుండి చూసినవాణ్ణి. ఊళ్ళో అందరూ సొసైటీ అంటారే, అవే. 2022 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం దేశంలో పనిచేస్తున్న 63 వేల సొసైటీల కోసం 2,516 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. అమలు బాధ్యత వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి జాతీయ బ్యాంకు నాబార్డుది. కంప్యూటర్లు, ప్రాంతీయ భాషల్లో సాఫ్ట్‌వేర్, పాత రికార్డుల ఎక్కింపు, శిక్షణ, అన్నిటికీ అందులో చోటుంది. అన్నీ సమకూరినా కొన్ని సొసైటీల్లో పని చకచకా సాగింది, కొన్నిటిలో నెలల తరబడి అంగుళం కదల్లేదు. తేడా ఎక్కడుందో చూశాను కాబట్టి చెబుతున్నాను.

"మావాళ్ళకి కంప్యూటర్ అంటే భయం సార్" అని ప్రతి మేనేజరూ అంటాడు. నేను నమ్మను. అదే స్టాఫ్ అసిస్టెంటు ఇంట్లో ఫోన్‌పేలో డబ్బు పంపుతాడు, మనవరాలితో వీడియో కాల్ మాట్లాడతాడు. ఆయన భయం వేరే. సభ్యుల అప్పు లెడ్జర్లలో ఒక్కొక్కరి బాకీ కూడుకుంటూ వస్తే వచ్చే మొత్తం, సంస్థ మొత్తం లెక్కలుండే జనరల్ లెడ్జర్‌లో ఉన్న మొత్తం కలవాలి. చాలాచోట్ల కలవదు. ఎప్పుడో ఒక రసీదు పోస్టింగ్, అంటే ఖాతాలో ఎక్కించడం, మర్చిపోయారు, ఎప్పుడో కూడికలో తప్పు దొర్లింది, ఆ తేడా, లెక్క తేలని మొత్తాలు వేసే సస్పెన్స్ ఖాతాలో పడి ఏళ్ళ తరబడి అలా నడుస్తూ వచ్చింది. కాగితం మీద ఉన్నంతకాలం ఆడిటర్ ఒక పేరా రాసి వెళ్ళిపోతాడు. సాఫ్ట్‌వేర్ మాత్రం ప్రారంభ నిల్వలు ఎక్కించేటప్పుడే రెండూ కలవాలంటుంది. అప్పుడు "ఈ తేడాకి ఎవరు బాధ్యులు?" అన్న ప్రశ్న ఆ రోజు కుర్చీలో ఉన్నవాడి మీద పడుతుంది. తప్పు చేసినవాడు పదేళ్ళ కిందటే రిటైరై ఉండొచ్చు. ఇక మనకు వినిపించే మాటలు: "కరెంటు లేదు సార్", "ఆ లెడ్జరు ఆడిట్‌కి వెళ్ళింది సార్", "నెట్ స్లోగా ఉంది సార్".

కాబట్టి మీకు కావలసిన మొదటి నైపుణ్యం, పాత తేడాలు బయటపడితే ఏం జరుగుతుందో పని మొదలుపెట్టకముందే తేల్చి చెప్పగలగడం. అదీ కాగితం మీద. మీ ఒక్కరి మాట సరిపోదు, మీ పాలకవర్గం చేతో పై అధికారి చేతో రాయించాలి. మేం అలాగే రాయించుకున్నాం: కూడిక తప్పులు, పోస్టింగ్ తప్పులు తమంతట తామే చూపించినవాళ్ళ మీద చర్య ఉండదు, డబ్బు వాడుకున్నట్టు తేలితే మాత్రం చట్టం తన పని తాను చేస్తుంది. సహకార ఉద్యోగులకు '51 ఎంక్వైరీ' అన్న మాట వింటేనే టెన్షన్. 1964 సహకార సంఘాల చట్టంలో విచారణ సెక్షన్ అది. దానికీ పొరపాటుకీ మధ్య గీత ఎక్కడుందో ముందే తెలిసినచోట మనుషులు ధైర్యంగా లెడ్జర్లు తెరిచారు.

కాగితం ఇచ్చాక అసలు పరీక్ష వస్తుంది. ఒక సొసైటీలో సీనియర్ ఉద్యోగి ఒకాయన పాత తేడా ఒకటి తానే వెతికి, రాతపూర్వకంగా తెచ్చి ఇచ్చాడు. తనిఖీకి వచ్చిన అధికారి వెంటనే ఆయనకు మెమో ఇవ్వమన్నాడు. మా డివిజన్ బాధ్యత చూస్తున్న ఆవిడ ఒప్పుకోలేదు. "సర్క్యులర్‌లో ఏం రాశామో అదే చేద్దాం సార్. ఇవాళ ఈయనకు మెమో ఇస్తే రేపు ఒక్కరూ నోరు విప్పరు" అని అందరి ముందే చెప్పింది. ఆ మాట సాయంత్రానికల్లా చుట్టుపక్కల సొసైటీలన్నిటికీ పాకింది. ఎవరూ శిక్షణ ఇవ్వకుండానే ఆ తర్వాతి వారాల్లో పని ఊపందుకుంది. ఆవిడకు సాఫ్ట్‌వేర్ గురించి మీకు తెలిసినంతే తెలుసు.

రెండో సంగతి పాతవాళ్ళ జ్ఞానం. దీన్ని తేలిగ్గా తీసుకునే సంస్థలే ఎక్కువగా దెబ్బతింటాయి. ఒక లెడ్జర్‌లో ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్న రైతులు ముగ్గురున్నారు. ఇద్దరికి తండ్రి పేరు కూడా ఒకటే. పేజీ మూలన పెన్సిల్‌తో 'చెరువుగట్టు', 'రేషన్ షాపు' అని రాసి ఉంది. ఆధార్‌లో ముగ్గురి పేర్లూ మూడు రకాల స్పెల్లింగులతో ఉన్నాయి. కాంట్రాక్టు మీద వచ్చిన కుర్రాడు గబగబా టైప్ చేస్తూ ఇద్దర్ని ఒకే సభ్యుడిగా కలిపేశాడు. తప్పు వాడిది కాదు, పెన్సిల్ రాత సంగతి వాడికి ఎవరూ చెప్పలేదు. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది. మూడు లక్షల దాకా పంట రుణం 7 శాతం వడ్డీకి వస్తుంది, గడువులోగా కడితే మరో 3 శాతం రాయితీ. పేరు తారుమారైతే సక్రమంగా కట్టిన రైతుకు ఆ రాయితీ అందదు. ఆ తర్వాత పద్ధతి మార్చాం. పెద్దాయన లెడ్జర్ పట్టుకుని చెప్పడం, కుర్రాడు టైప్ చేయడం, ఇద్దరూ కలిసి ప్రింటు తీసి సరిచూడటం. 'సరిచూశాను' అని సంతకం పెట్టేది పెద్దాయన. కొన్ని నెలల్లో రిటైరవుతున్న మనిషి ఆ పని ఎంత శ్రద్ధగా చేశాడో చూస్తే నాకు ముచ్చటేసింది. ఆయన తెలివి పక్కన పడిపోవడం లేదని, కొత్త రికార్డు ఆయన మాట మీదే నిలబడుతోందని అర్థమయ్యాక ఇక ఎవరూ బతిమాలాల్సిన పని లేకపోయింది.

మన బ్యాంకుల చరిత్రలోనూ ఇదే కనిపిస్తుంది. యంత్రాలు ఎంతవరకు తేవాలన్న దానిపై 1983లో యాజమాన్యాలకూ ఉద్యోగ సంఘాలకూ మధ్య ఒప్పందం కుదిరాకే, బ్యాంకుల్లో యంత్రాల వాడకంపై సి. రంగరాజన్ కమిటీ 1984లో ఇచ్చిన నివేదిక ముందుకు నడిచింది. ఆయనే తర్వాత రిజర్వ్ బ్యాంకు గవర్నరు, ఆ పైన మన ఉమ్మడి రాష్ట్ర గవర్నరు. ముందు మాట్లాడుకున్నారు, తర్వాత యంత్రాలొచ్చాయి.

ఇక రెట్టింపు చాకిరీ. కొంతకాలం పుస్తకంలోనూ రాయాలి, కంప్యూటర్‌లోనూ ఎక్కించాలి. తప్పదు. కానీ 'కొంతకాలం' అని చెప్పి తేదీ చెప్పకపోవడం అన్యాయం. సాయంత్రం ఆరు దాటాక కూడా డే బుక్కూ స్క్రీనూ పక్కపక్కన పెట్టుకుని కూర్చునే మనిషికి, పుస్తకం ఏ రోజున మూస్తామో తెలియాలి. ఆ తేదీ ప్రకటించే అధికారం మీదే, సాఫ్ట్‌వేర్ కంపెనీది కాదు. అప్పటిదాకా ఏ పని ఆపేయొచ్చో కూడా మీరే తేల్చాలి. పై ఆఫీసుల నుంచి అవే అంకెలు ఒకరు ఎక్సెల్‌లో, ఇంకొకరు వాట్సాప్‌లో, మరొకరు ఫోన్‌లో అడుగుతుంటారు. వాళ్ళతో మాట్లాడి వాటిని ఆపించడం సిబ్బంది వల్ల కాదు, మీవల్లే అవుతుంది. ముహూర్తం కూడా చూసుకోండి. మాకు జూన్‌లో ఖరీఫ్ అప్పుల రద్దీ, మార్చిలో ఏడాది ముగింపు. ఆ రెండు నెలల్లో కొత్త పద్ధతి మొదలుపెడితే మంచి సాఫ్ట్‌వేర్‌కి కూడా చెడ్డపేరే వస్తుంది.

కౌంటర్ దగ్గర ఒక మాటను నిషేధించండి: "కంప్యూటర్ అలా చూపిస్తోందండీ". ఉదాహరణకి, ఒక రైతు 60 వేల అప్పు జూన్ 10న తీసుకుని మార్చి 5న కట్టాడనుకోండి. పాత పద్ధతిలో 7 శాతం చొప్పున తొమ్మిది నెలలుగా లెక్కగడితే వడ్డీ 3,150. కంప్యూటర్ రోజులు లెక్కపెడితే 268 రోజులు, వడ్డీ సుమారు 3,084. రైతు ఊరుకోడు, "మరి ఇన్నేళ్ళూ మా దగ్గర ఎక్కువ పట్టారా?" అంటాడు. న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు కౌంటర్‌లో ఉన్న కుర్రాడు ఇవ్వలేడు. పాత పద్ధతి ఏమిటి, కొత్తది ఏమిటి, పాత లెక్కల మీద ఫిర్యాదు వస్తే ఎవరు చూస్తారు అన్నది మీ పాలకవర్గం ముందే నిర్ణయించి, తెలుగులో గోడకు అంటించాలి. పద్ధతి మారిందని నిజం చెప్తే జనం అర్థం చేసుకుంటారు. మిషను మీదికి నెట్టేస్తే ఆ మిషన్నీ మిమ్మల్నీ ఇద్దర్నీ నమ్మరు.

టెక్నాలజీ ఎంత రావాలంటారా, ఒక లావాదేవీ మొదటి నుంచి చివరిదాకా మీ చేత్తో మీరే చేయగలగాలి. రోజు ముగింపు రిపోర్టు చదవడం రావాలి. కంపెనీతో ఒప్పందం రాసుకునేటప్పుడు డేటా ఎవరిది, మానుకుంటే ఏ రూపంలో తిరిగి ఇస్తారు, ఆగిపోతే ఫోన్ ఎవరు ఎత్తుతారు అని అడగడం రావాలి. ఇంతకు మించింది ఆ పని తెలిసినవాళ్ళకు వదిలేయండి.

మీ సంస్థ ఏ రంగంలోదో మీరు రాయలేదు. ఆస్పత్రి అయితే మందుల స్టాకు, కాలేజీ అయితే ఫీజు బకాయిలు, గోడౌన్ అయితే తరుగు లెక్క, ఇలా ప్రతిచోటా అందరూ తెరవడానికి జంకే రిజిస్టరు ఒకటుంటుంది. మీ సీనియర్లతో ఒక్కొక్కరితో విడిగా కూర్చుని అది ఏదో కనుక్కోండి. తెలిశాక ఇక్కడే రాయండి, దాన్ని ఎక్కణ్ణించి మొదలుపెట్టాలో నాకు తెలిసినంతలో చెబుతాను.