పాత కంప్యూటర్: సెట్టింగ్స్ భద్రం

ప్రశ్న: పేజ్‌మేకర్, అను ఫాంట్ల కోసం విండోస్ 7 కంప్యూటరే వాడుతున్నాను. కొత్త ప్రింటర్ డ్రైవర్ వేసేముందు రెజిస్ట్రీ (విండోస్ సెట్టింగ్స్ ఉండే చిట్టా) మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లో దాచుకున్నాను. ఇది చాలదా? – ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: చాలదు. రెజిస్ట్రీని తెరిచి చూపే రెజ్‌ఎడిట్‌లో ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైలును మళ్లీ ఎక్కిస్తే, అందులో ఉన్న విలువలు ఇప్పుడున్న రెజిస్ట్రీలో కలుస్తాయి, అంతే. డ్రైవర్ కొత్తగా చేర్చిన కీలు (సెట్టింగ్స్ ఉండే ఫోల్డర్ లాంటివి) ఎక్కడివక్కడే ఉండిపోతాయి. పైగా విండోస్ నడుస్తుండగా చాలా కీలు వాడకంలో ఉంటాయి కాబట్టి మొత్తం ఫైలు ఎక్కదు, మధ్యలోనే ఎర్రర్ చూపిస్తుంది. మీరు చేత్తో ఏదైనా ఒక కీని మార్చబోతుంటే, ఆ కీని, దాని కింద ఉన్నవాటిని మాత్రం ఎక్స్‌పోర్ట్ చేసుకోవడానికి ఈ పద్ధతి బాగా పనికొస్తుంది.

డ్రైవర్ వేసేముందు కావలసింది రిస్టోర్ పాయింట్, అంటే ఆ సమయానికి ఉన్న సిస్టమ్ ఫైళ్లు, సెట్టింగ్స్ నకలు. స్టార్ట్ మెనూలో కంప్యూటర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌కు వెళ్లండి. ఎడమపక్కన సిస్టమ్ ప్రొటెక్షన్ ఉంటుంది. సి డ్రైవ్ ఎదురుగా 'ఆన్' అని ఉందో లేదో ముందు చూడండి. పాత కంప్యూటర్లలో ఖాళీ కోసం ఎవరో ఒకరు దాన్ని ఆపేసి ఉంటారు. ఆపితే అప్పటిదాకా ఉన్న పాయింట్లన్నీ పోతాయి. ఆఫ్‌లో ఉంటే కాన్ఫిగర్ నొక్కి మొదటి ఆప్షన్ ఎంచుకుని, కింది స్లైడర్‌ను 5 శాతం దగ్గర పెట్టండి. తర్వాత క్రియేట్ నొక్కి, 'ప్రింటర్‌కు ముందు' లాంటి పేరు ఇవ్వండి. కేటాయించిన చోటు నిండితే పాత పాయింట్లు వాటంతటవే చెరిగిపోతాయి. అదే కంప్యూటర్లో రెండో సిస్టమ్‌గా విండోస్ ఎక్స్‌పీ కూడా ఉంటే, దాన్ని బూట్ చేసినప్పుడు విండోస్ 7 పాయింట్లు మాయమవుతాయి. ఎక్స్‌పీకి వాటి సంగతి తెలియదు మరి.

వెనక్కి వెళ్లాలంటే అదే పేజీలో సిస్టమ్ రిస్టోర్ నొక్కాలి. యాంటీవైరస్ అడ్డుపడి అది మధ్యలో ఆగిపోవడం మామూలే. దాన్ని కాసేపు ఆపి మళ్లీ చేయండి, లేదా సేఫ్ మోడ్‌లో (తప్పనిసరి డ్రైవర్లతో మాత్రమే విండోస్ నడిచే పద్ధతి) చేయండి. సేఫ్ మోడ్‌లో చేసిన రిస్టోర్‌ను రద్దు చేసే వీలు లేదని మాత్రం గుర్తుంచుకోండి.

రిస్టోర్ పాయింట్ ఉండేది అదే హార్డ్ డిస్క్‌లో. డిస్క్ పోతే అదీ పోతుంది. కాబట్టి కంట్రోల్ ప్యానెల్‌లోని బ్యాకప్ అండ్ రిస్టోర్ నుంచి ఎక్స్‌టర్నల్ డిస్క్ మీదికి సిస్టమ్ ఇమేజ్ (విండోస్ ఉన్న డ్రైవ్‌కు పూర్తి నకలు) ఒకటి తీసుకోండి. అక్కడే ఖాళీ డీవీడీతో రిపేర్ డిస్క్ కూడా తయారు చేసుకోండి. ఆ డిస్క్ లేకపోతే, బూట్ కాని కంప్యూటర్‌కు ఇమేజ్ ఎక్కించడానికి ఇన్‌స్టలేషన్ డీవీడీ వెతుక్కోవాల్సి వస్తుంది.

ప్రశ్న: డ్రైవర్ వేసి రీస్టార్ట్ చేస్తే నీలి తెర వస్తోంది. లాస్ట్ నోన్ గుడ్ కాన్ఫిగరేషన్ (చివరిసారి సరిగా నడిచిన సెట్టింగ్స్‌తో తెరిచే ఆప్షన్) పనిచేస్తుందా? – ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: ఆ డ్రైవర్ వేశాక ఒక్కసారి కూడా లాగిన్ కాకపోతే పనిచేసే అవకాశం ఉంది. లాగిన్ విజయవంతమైతే విండోస్ ఆ సెట్టింగ్‌నే 'మంచిది' అనుకుని దాచుకుంటుంది, పాతది చెరిగిపోతుంది. కంప్యూటర్ ఆన్ చేయగానే, విండోస్ గుర్తు రాకముందే ఎఫ్8 వరసగా నొక్కి, వచ్చే మెనూలో దాన్ని ఎంచుకోండి. ఇది వెనక్కి తెచ్చేది డ్రైవర్లు, సర్వీసుల రెజిస్ట్రీ సెట్టింగ్‌లను మాత్రమే. పాత డ్రైవర్ ఫైలు మీద అదే పేరుతో కొత్తది పడి ఉంటే ఆ ఫైలు తిరిగి రాదు. అప్పుడు అదే మెనూలో రిపేర్ యువర్ కంప్యూటర్ ఎంచుకుని, సిస్టమ్ రిస్టోర్ చేయండి.

ప్రశ్న: ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతోంది. వెబ్‌సైట్లు తెరుచుకోవడం లేదు. – ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: మదర్‌బోర్డు మీది బటన్ సెల్ అయిపోయింది. సాధారణంగా అది సీఆర్2032, 3 వోల్టులది. తేదీ తప్పితే వెబ్‌సైట్ల భద్రతా సర్టిఫికెట్లు చెల్లనివిగా కనిపిస్తాయి, అందుకే పేజీలు తెరుచుకోవు. రిస్టోర్ పాయింట్ల మీద కూడా తప్పు తేదీయే పడుతుంది, ఏది ఎప్పటిదో పోల్చుకోలేరు.

సెల్ మార్చేముందు కంప్యూటర్ ఆన్ చేయగానే డెల్ లేదా ఎఫ్2 నొక్కి బయోస్‌లోకి (మదర్‌బోర్డు సెట్టింగ్స్ ఉండే చోటు) వెళ్లి, ప్రతి పేజీనీ ఫోన్‌తో ఫొటో తీయండి. ముఖ్యంగా సాటా మోడ్ (హార్డ్ డిస్క్‌తో మదర్‌బోర్డు మాట్లాడే పద్ధతి) ఐడీఈనా, ఏహెచ్‌సీఐనా అన్నది చూసుకోండి. సెల్ తీశాక సెట్టింగ్స్ ఫ్యాక్టరీ స్థితికి వెళ్తాయి. ఆ మోడ్ మారిపోతే విండోస్ సగంలో 7బీ నంబరు నీలి తెరతో ఆగుతుంది. విండోస్ పాడైందనుకుని ఫార్మాట్ కొట్టించేవాళ్లు ఉన్నారు. నిజానికి ఆ మోడ్‌ను మళ్లీ పాతదానికి మారిస్తే సరిపోతుంది.

ప్లగ్ తీసేసి, పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి ఉంచి, క్యాబినెట్ ఇనుమును ఒకసారి తాకి, ఆ తర్వాతే సెల్ ముట్టుకోండి. ప్లస్ గుర్తు పైకి ఉండాలి.

ప్రశ్న: సిస్టమ్ రిస్టోర్ చేస్తే డిలీట్ అయిన ఫొటోలు వస్తాయా? – ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: రావు. అయితే విండోస్ 7 ప్రొఫెషనల్‌లో ఆ ఫొటోలున్న ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి రిస్టోర్ ప్రీవియస్ వెర్షన్స్ చూడండి. ఆ డ్రైవ్‌కు సిస్టమ్ ప్రొటెక్షన్ ఆన్‌లో ఉండి ఉంటే దొరకవచ్చు.