బ్యాంకులు కలిసిపోతే బీమా ఎంత?

ప్రశ్న: మా ఆయన రిటైరయ్యాక వచ్చిన డబ్బులో 4 లక్షలు కడపలో ప్రగతి గ్రామీణ బ్యాంకులో, 3 లక్షలు చిత్తూరులో సప్తగిరి గ్రామీణ బ్యాంకులో ఆయన పేరు మీదే వేశాం. బ్యాంకు మునిగినా ఒక్కో బ్యాంకులో 5 లక్షల దాకా బీమా ఉంటుందని అలా విడగొట్టాం. ఇప్పుడు రెండింటికీ ఒకటే బోర్డు. మా డబ్బుకు ఏమైనా ఇబ్బందా?
– ఒక పాఠకురాలు, కడప

జవాబు: డబ్బుకు ఇబ్బంది లేదమ్మా, బీమా లెక్క మాత్రం మారింది. 2025 మే 1న మన రాష్ట్రంలోని నాలుగు గ్రామీణ బ్యాంకులు కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయ్యాయి. బీమా శాఖను బట్టి కాదు, బ్యాంకును బట్టి. కాబట్టి మీ వారి 7 లక్షలూ ఇప్పుడు ఒకే బ్యాంకులో ఉన్నట్టు లెక్క. బీమా 5 లక్షలకే. మిగతా 2 లక్షలకు ఆ రక్షణ లేదు.

ఈ బీమా ఇచ్చేది రిజర్వ్ బ్యాంకుకు చెందిన డిపాజిట్ ఇన్సూరెన్స్ కార్పొరేషన్. 1962లో 1,500 రూపాయలతో మొదలైన పరిమితి 1993లో లక్షకు, 2020 ఫిబ్రవరి 4 నుంచి 5 లక్షలకు పెరిగింది. ప్రీమియం బ్యాంకే కట్టాలి, మీ ఖాతాలో పైసా కోయకూడదు. చాలామంది మరిచిపోయేది ఒకటుంది: 5 లక్షలంటే అసలూ వడ్డీ కలిపి. 4.80 లక్షలు 7 శాతానికి వేస్తే ఏడాదిలో 34 వేల చిల్లర వడ్డీ చేరుతుంది, మొత్తం పరిమితి దాటిపోతుంది. సేవింగ్స్, ఫిక్స్‌డ్, రికరింగ్, కరెంట్ ఖాతాలన్నీ ఈ లెక్కలో కలుస్తాయి. అదే బ్యాంకులో బంగారం మీద అప్పుంటే దాన్ని డిపాజిట్‌లో మినహాయించుకునే హక్కు బ్యాంకుకుంది.

అలాగని రేపే వెళ్లి డిపాజిట్ విరగ్గొట్టకండి. గడువుకు ముందు తీస్తే వడ్డీ తగ్గిస్తారు. గ్రామీణ బ్యాంకులో కేంద్రానికి 50, రాష్ట్రానికి 15, స్పాన్సర్ బ్యాంకుకు (వెనక ఉన్న పెద్ద బ్యాంకుకు) 35 శాతం వాటాలున్నాయి; ఉన్నపళంగా పరుగెత్తాల్సిన పనిలేదు. ఆ 3 లక్షల గడువు తీరినప్పుడు మీ పేరు మీదికి మార్చుకోండి. మీ పేరు మీద విడిగా మరో 5 లక్షల రక్షణ ఉంటుంది. ఇద్దరి పేర్లతో జాయింట్‌గా వేసినా అది మీ విడి ఖాతాల్లో కలవదు, దాని లెక్క దానిదే. నామినీ పేరు రాసినంత మాత్రాన బీమా పెరగదు, ఆ పొరపాటు పడవద్దు.

ఊళ్లో సహకార సొసైటీలో వేసిన డబ్బుకు, చిట్టీలకు, ఫైనాన్స్ కంపెనీల డిపాజిట్లకు ఈ బీమా లేదు. జిల్లా సహకార కేంద్ర బ్యాంకుకు ఉంది. సొసైటీ, జిల్లా బ్యాంకు ఒకే ప్రాంగణంలో ఉన్నచోట రసీదు మీద ఎవరి పేరుందో చదివి మరీ తీసుకోండి.

ప్రశ్న: రెపో రేటు తగ్గిందని పేపర్లో ఎన్నిసార్లు చదివినా మా ఇంటి అప్పు కంతు మాత్రం కదలడం లేదు. బ్యాంకు మోసం చేస్తోందా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: మోసం అనేముందు మంజూరు పత్రం తీసి వడ్డీని దేనికి ముడిపెట్టారో చూడండి. రెపో అంటే బ్యాంకులు రిజర్వ్ బ్యాంకు దగ్గర తెచ్చుకునే స్వల్పకాలపు అప్పు మీది వడ్డీ. 2025లో అది 6.50 నుంచి 5.25 శాతానికి దిగింది. 2019 అక్టోబరు 1 తర్వాత వాణిజ్య బ్యాంకులు మారే వడ్డీతో ఇచ్చిన కొత్త ఇంటి అప్పులను రెపో లాంటి బయటి రేటుకే ముడిపెట్టాలి, కనీసం మూడు నెలలకోసారి సవరించాలి. అంతకు ముందు తీసుకున్న అప్పయితే ఎంసీఎల్ఆర్ మీద ఉండొచ్చు. అది బ్యాంకు సొంత ఖర్చుల లెక్క, నిదానంగా దిగుతుంది, సవరణ కూడా చాలాసార్లు ఏడాదికోసారే. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకు ఈ రెపో నిబంధన వర్తించదు.

ఇంకో సంగతి. వడ్డీ తగ్గినా కంతు అలాగే ఉంచి, కాలాన్ని తగ్గించే బ్యాంకులు ఎక్కువ. 25 లక్షలు, 20 ఏళ్లు, 8.50 శాతం అనుకుందాం: కంతు సుమారు 21,700. వడ్డీ మొదట్లోనే 7.25కు దిగితే కంతు 19,760కి తగ్గాలి. కంతు మార్చకుండా పాతదే కడుతూ పోతే 240 నెలల అప్పు 198 నెలల్లో తీరిపోతుంది. నెలనెలా చేతికి డబ్బు అవసరం లేకపోతే రెండోదే మేలని నా గట్టి అభిప్రాయం, వడ్డీ బాగా మిగులుతుంది. స్టేట్‌మెంట్‌లో మిగిలిన నెలలు ఎన్నో చూడండి. అవీ తగ్గకపోతే, రెపోకు మార్చమని రాతపూర్వకంగా అడగండి. మార్పు రుసుము ఎంతో, రెపో మీద మీకు కలిపే మార్జిన్ ఎంతో ముందే కాగితం మీద రాయించుకోండి. మారే వడ్డీ ఇంటి అప్పును ముందుగా తీర్చేస్తే వ్యక్తుల దగ్గర జరిమానా తీసుకోకూడదు, కాబట్టి వేరే బ్యాంకుకు మార్చుకునే దారి కూడా తెరిచే ఉంది.

ప్రశ్న: ఎలుక కొరికిన 500 నోటుకు ఎంతిస్తారు?
– ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: నోటు వైశాల్యం 99 చదరపు సెంటీమీటర్లు. మిగిలిన ముక్కల్లో పెద్దది 80 చదరపు సెంటీమీటర్లకు తగ్గకపోతే పూర్తి 500, 40 నుంచి 80 మధ్య ఉంటే 250, ఇంకా చిన్నదైతే ఏమీ రాదు. 20 రూపాయలు, అంతకన్నా చిన్న నోట్లకు సగం కన్నా ఎక్కువ ముక్క ఉంటే పూర్తి విలువ ఇస్తారు, లేకపోతే లేదు. ఏ వాణిజ్య బ్యాంకు శాఖకైనా వెళ్లొచ్చు, అక్కడ మీకు ఖాతా ఉండనక్కర్లేదు. కావాలని కోసినట్టు కనిపిస్తే మాత్రం తిప్పి పంపుతారు. కమీషన్ తీసుకుని చినిగిన నోట్లు మార్చేవాళ్ల దగ్గరికి వెళ్లకండి.