అమ్మ దుబాయ్ వస్తోంది, బీపీ మాత్రలు, నిద్రమాత్రలు వెంట తేవచ్చా?

బీపీ, షుగర్ మాత్రల గురించి టెన్షన్ అక్కర్లేదు. డాక్టర్ చీటీ ఉంటే చాలు. జాగ్రత్త అంతా నిద్రమాత్ర దగ్గరే.

మన దగ్గర డాక్టర్లు నిద్రకు, ఆందోళనకు మామూలుగా రాసే అల్ప్రజోలం, డయాజెపాం, నొప్పికి వాడే ట్రమడాల్, కొన్ని దగ్గు సిరప్‌లలో ఉండే కోడీన్ యూఏఈలో నియంత్రిత మందులు. వీటికి ప్రయాణానికి ముందే అక్కడి ప్రభుత్వం నుంచి ఆన్‌లైన్‌లో అనుమతి తీసుకోవాలి. అది లేకుండా దొరికితే కేసు దాకా వెళ్లవచ్చు. "తెలియదు" అంటే వదిలేస్తారని దయచేసి అనుకోకండి.

మన బ్రాండ్ పేర్లు అక్కడివాళ్లకు తెలియకపోవచ్చు. అందుకే చీటీలో మందు అసలు పేరు, మోతాదు, అమ్మగారి పాస్‌పోర్టులో ఉన్న పేరు ఇంగ్లీషులో స్పష్టంగా రాయించండి. మెడికల్ షాపులో స్ట్రిప్ కత్తిరించి ఇస్తే మందు పేరున్న ముక్క అక్కడే ఉండిపోతుంది, కాబట్టి పూర్తి స్ట్రిప్‌లే కొనండి. మాత్రలన్నీ ఒకే డబ్బాలో కలిపి పోయొద్దు. రోజూ వేసుకునేవి చేతిసంచిలోనే ఉండాలి.

ఇంకోటి, ఇది మందు కాకపోయినా చెప్పాలి: గసగసాలు యూఏఈలో నిషిద్ధం. మసాలా పొడుల్లో కలిపినవి కూడా పెట్టనివ్వకండి.