రేటింగ్ తర్వాత చూడండి, ముందు ఒక్కో కౌన్సిలర్‌కి ఎంతమంది పిల్లలో అడగండి

"అమెరికాకి కొత్తగా వస్తున్నాం, ఇక్కడి స్కూల్ డిస్ట్రిక్ట్ (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ స్కూళ్లని నడిపే సంస్థ) పిల్లల్ని భవిష్యత్తుకి ఎలా తయారు చేస్తుంది, భద్రంగా చూసుకుంటుందా?" అని అడిగారు. మేముండేది టెక్సస్‌లో, మా ఇద్దరు పిల్లలూ ఇక్కడి పబ్లిక్ స్కూళ్లలోనే, అంటే ప్రభుత్వ స్కూళ్లలోనే చదివారు, కాబట్టి ఈ రాష్ట్రం సంగతే చెప్తాను.

మనవాళ్లు ఇల్లు వెతికేటప్పుడు మొదట చూసేది స్కూల్ రేటింగ్. తొమ్మిదా, పదా? ఆ అంకెలో ఎక్కువ భాగం పరీక్షల మార్కులే. మీ అబ్బాయిని బస్సులో ఎవరైనా రోజూ ఏడిపిస్తుంటే వెళ్లి చెప్పుకోవడానికి స్కూల్లో ఒక మనిషి ఉన్నారా లేదా అన్నది అందులో కనిపించదు. నా దృష్టిలో భద్రత అయినా భవిష్యత్తు అయినా ఆ ఒక్క మనిషి దగ్గరే మొదలవుతుంది. స్కూల్ కౌన్సిలర్ గురించి అంటున్నాను, అంటే పిల్లల కష్టాలు విని, చదువు విషయంలో దారి చూపే ఉద్యోగి.

పెద్దమ్మాయి హైస్కూల్లో ఉండగా ఒక మధ్యాహ్నం నా ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, క్యాంపస్ లాక్‌డౌన్‌లో ఉంది (అంటే ప్రమాదం ఉందని తలుపులన్నీ మూసేశారు), దయచేసి స్కూల్ దగ్గరికి రావద్దు అని. రావద్దంటే ఏ తల్లి ఆగుతుంది, అందరం వెళ్లాం. పోలీసులు రోడ్డు మూసేశారు. వాట్సాప్ గ్రూపులో ఒకరు కాల్పుల శబ్దం విన్నామంటారు, ఇంకొకరు ఇద్దర్ని పట్టుకున్నారంటారు, తర్వాత చూస్తే అన్నీ అబద్ధాలే. అమ్మాయి దగ్గర్నుంచి మాత్రం ఒక్కటే వచ్చింది: "లైట్లు ఆర్పేసి మూల కూర్చున్నాం, ఫోన్ చెయ్యకమ్మా." చెయ్యలేదు. ఫోన్ చప్పుడైతే గదిలో మనుషులున్నారని బయటికి తెలిసిపోతుంది.

తర్వాత పిల్లల్ని బస్సుల్లో ఇంకో స్కూల్ జిమ్‌కి తీసుకొచ్చి, అక్కడ ఒక్కొక్కరినీ అప్పగించారు. మన ఫొటో ఐడీ చూపించాలి, రికార్డులో ఎమర్జెన్సీ కాంటాక్టుల్లో మన పేరుండాలి. నా ముందు వరసలో ఒక తెలుగు పెద్దావిడ మనవడి కోసం నిలబడ్డారు, కొడుకూ కోడలూ పని మీద వేరే ఊరెళ్లారట. ఆవిడ పేరు లిస్టులో లేదు. "నేను వాడి నాయనమ్మని తల్లీ, కావాలంటే వాణ్ణే అడగండి" అని ఆవిడ తెలుగులోనే బతిమాలుతున్నారు, నేను ఇంగ్లీషులో చెప్తున్నాను, పిల్లల్ని అప్పగిస్తున్న ఉద్యోగి గొంతు పెంచకుండానే కుదరదంటోంది. కొడుకు ఫోన్‌లో దొరికి, ఆయన వివరాలన్నీ సరిచూసుకున్నాకే పిల్లాణ్ణి వదిలారు. ఆవిడ ఏడుస్తుంటే నాకూ ఏడుపొచ్చింది, అయినా ఆ ఉద్యోగి చేసింది నూటికి నూరుపాళ్లు సరైన పని. అంత గందరగోళంలో అడిగినవాళ్లందరికీ పిల్లల్ని ఇచ్చేస్తే ఎవరు ఎవర్ని తీసుకుపోయారో ఎవరికి తెలుస్తుంది?

ఇంతకీ జరిగిందేమిటంటే, ఒక అబ్బాయి తుపాకీ ఫొటో స్నేహితులకి పంపాడు. అది చూసిన ఒకమ్మాయి క్లాసులోంచి లేచి సరాసరి తన కౌన్సిలర్ గదికి వెళ్లి చూపించింది. ఆ అబ్బాయిని పార్కింగ్‌లోనే ఆపేశారు. కెమెరాలు ఉన్నాయి, తాళాలు ఉన్నాయి, వాటికి మాత్రం ఏమీ తెలియలేదు. ఆ అమ్మాయికి ఆ గది తలుపు తెరిచే ఉంటుందనే నమ్మకం లేకపోతే ఏమయ్యేదో ఊహించుకోలేను. అమెరికా అధ్యక్షుడి భద్రత చూసే సీక్రెట్ సర్వీస్, కేంద్ర విద్యాశాఖ కలిసి 2002లో ఇచ్చిన నివేదిక కూడా ఇదే చెప్పింది. వాళ్లు చూసిన 37 స్కూల్ దాడుల్లో 81 శాతం వాటిలో ఎవరో ఒకరికి ముందే తెలుసు, తెలిసినవాళ్లలో దాదాపు అందరూ తోటి పిల్లలే.

తాళాలు వద్దనడం లేదు. 2022 మే 24న ఇక్కడి టెక్సస్‌లోనే యువాల్డీ అనే ఊళ్లో స్కూల్లో జరిగిన కాల్పుల్లో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయారు. అక్కడ ఒక గది తాళం సరిగ్గా పడదని స్కూల్లో చాలామందికి ముందే తెలుసని శాసనసభ కమిటీ నివేదికలో ఉంది, బాగుచేయమని ఒక్కరూ రాసివ్వలేదు. ఆ తర్వాత 2023లో ప్రతి క్యాంపస్‌లో ఆయుధంతో ఒక అధికారి ఉండాలని చట్టం చేశారు, దానికి అప్పట్లో ఇచ్చింది క్యాంపస్‌కి 15,000 డాలర్లు, పిల్లాడికి 10 డాలర్లు. ఆ డబ్బుతో ఏడాదంతా ఒక మనిషిని ఎవరు పెట్టుకోగలిగారు?

డబ్బు సంగతి వచ్చింది కాబట్టి ఇదీ తెలుసుకోండి. కొత్త గేట్లు, కొత్త స్టేడియం కనిపిస్తాయి గానీ కౌన్సిలర్లు ఎందుకు తగ్గుతున్నారంటే, ఓటర్లు ఆమోదించిన బాండ్ (డిస్ట్రిక్ట్ తెచ్చుకునే అప్పు) డబ్బు భవనాలకీ సామానుకే, జీతాలకి వాడకూడదు. జీతాలు నడిచే ఖాతాకి రాష్ట్రం ఒక్కో విద్యార్థికి కట్టే మూల మొత్తం 2019 నుంచి 6,160 డాలర్ల దగ్గరే ఉండిపోయింది, 2025లో టీచర్ల జీతాలకి విడిగా కొంత ఇచ్చి దీన్ని పెంచింది 55 డాలర్లు. అదీ హాజరును బట్టి లెక్క. సెమిస్టర్ మధ్యలో పిల్లల్ని మూడేసి వారాలు ఇండియా తీసుకెళ్లేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి, ఆ కోత మన స్కూలుకే పడుతుంది.

కౌన్సిలర్ల జాతీయ సంఘం ఒకరికి 250 మందికి మించకూడదంటుంది. మా దగ్గర ఒక్కొక్కరికి నాలుగొందలు దాటారు, పైగా పరీక్షల పనులూ వాళ్ల మీదే వేస్తారు. అయినా మా రెండోవాణ్ణి సరిగ్గా గమనించింది కౌన్సిలరే. ఇక్కడ తొమ్మిదో తరగతిలోకి వచ్చేసరికి ఐదు దారుల్లో ఒకటి ఎంచుకోవాలి, మనవాళ్లందరూ ఆలోచించకుండా స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) దగ్గర టిక్కు పెట్టేస్తారు. వీడికి మనుషులకి సేవ చేయడం ఇష్టమని ఆవిడ చెప్పి హెల్త్ సైన్స్ కోర్సులు చూపించారు. చుట్టాలు చాలా గొడవ చేశారు, ఏపీ క్లాసులు (హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సులు) తగ్గితే కాలేజీ రాదని భయపెట్టారు. వాడు హైస్కూల్ అయ్యేలోపే నర్సింగ్ అసిస్టెంట్ సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు, ఇప్పుడు కాలేజీలో నర్సింగ్ చదువుతూ ఆసుపత్రిలో పని చేస్తున్నాడు. పిల్లాణ్ణి భవిష్యత్తుకి తయారు చేయడమంటే నాకు తెలిసింది ఇదే.

కాబట్టి అద్దె ఇంటికి సంతకం పెట్టేముందు స్కూల్ ఆఫీసుకి ఫోన్ చేసి ఒక్కో కౌన్సిలర్‌కి ఎంతమంది పిల్లలో, పేరు చెప్పకుండా ఫిర్యాదు చేసే దారి ఉందో లేదో అడగండి. చేర్పించేటప్పుడు ఎమర్జెన్సీ కాంటాక్టుల్లో తాతయ్య, నాయనమ్మ, అమ్మమ్మల పేర్లు కూడా రాయండి. ఇంకోటి, టెక్సస్‌లో 2019 చట్టం ప్రకారం అజెండాలో ఉన్న విషయం మీద ఎవరైనా డిస్ట్రిక్ట్ నిర్ణయాలు చేసే స్కూల్ బోర్డు మీటింగులో మాట్లాడవచ్చు, సిటిజన్ కానక్కర్లేదు, వీసా ఏదైనా పర్వాలేదు. మా డిస్ట్రిక్ట్‌లో కౌన్సిలర్ పోస్టులు తగ్గించిన రోజు మాట్లాడటానికి వెళ్తే హాల్లో తెలుగువాళ్లం నేనూ ఇంకొకావిడా మాత్రమే ఉన్నాం, ఇన్ని వందల కుటుంబాలున్న ఊళ్లో. మీరు ఇటే వస్తే తప్పకుండా రండి.