పాత ఫోర్ బై ఫోర్‌ను అమ్మేయాలా, బాగుచేసుకుంటూ వాడుకోవాలా?

ప్రశ్న: నా దగ్గర 24 ఏళ్ల నాటి డీజిల్ ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజిన్ శక్తి అందే బండి) ఉంది. రోజువారీ పనులకు ఇంట్లో చిన్న కారు వేరే ఉంది. దీన్ని సెలవుల్లో కొండదారులకు, అడవి బాటలకు తీసుకెళ్తాను. ఆయిల్, ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్లు ఇంట్లో నేనే మార్చుకుంటాను. అయినా గత ఏడాది ఖర్చు తడిసి మోపెడైంది. నా నెల ఆదాయం 100 అనుకుంటే బండి మీద 130 పెట్టాను. సర్వీసులకు 20, క్లచ్, రేడియేటర్, ముందు డిఫరెన్షియల్ రిపేర్లకు 65, లైట్లు, బంపర్, రూఫ్ ర్యాక్‌కు 45. ఇందులో 30 ఇంకా క్రెడిట్ కార్డు బాకీ. మా ఆవిడ అమ్మేయమంటోంది. కొత్త బండి కొంటే ఏడేళ్ల పాటు నెలకు 22 కిస్తీ పడుతుంది, అది కట్టగలను. లేదంటే దీన్నే ఉంచుకుని పెద్ద టైర్లు, బండి ఎత్తు పెంచే సస్పెన్షన్ లిఫ్ట్, కూరుకుపోతే తాడుతో బయటకు లాగే వించ్ వేయిద్దామని ఉంది. ఏం చేయమంటారు?

సమాధానం: మీరు ఖర్చును మూడు భాగాలుగా విడదీసి రాయడం వల్ల నా పని సులువైంది. చాలామంది ‘బండి తినేస్తోంది’ అంటారు కానీ ఏది ఎంత తిన్నదో చెప్పలేరు. మీ లెక్కలోనే జవాబు ఉంది. బండి నడవడానికి అయిన ఖర్చు 85. మిగతా 45 మీ ఇష్టానికి పెట్టినది. ఇష్టానికి పెట్టడం తప్పు కాదు, దాన్ని రిపేరు ఖర్చులో కలిపేసి బండిని నిందించడమే సరికాదు. 85 అంటే నెలకు సుమారు 7. ఇంత పాత బండికి, అదీ మూడు పెద్ద రిపేర్లు ఒకేసారి వచ్చిన ఏడాదిలో, ఇది భయపడాల్సిన ఖర్చు కాదు.

కొత్త బండి సంగతి చూద్దాం. నెలకు 22 చొప్పున 84 నెలలకు 1,848. ఇన్సూరెన్స్, సర్వీసు, టైర్లు దీనికి అదనం. పాత బండికి ఏటా 85 చొప్పున ఏడేళ్లకు 595. మధ్యలో ఇంజిన్ ఒకసారి, గేర్‌బాక్స్ ఒకసారి పూర్తిగా విప్పాల్సి వచ్చిందనుకుని ఒక్కోదానికి 150 కలిపినా 895. ఏడేళ్ల తర్వాత కొత్త బండిని అమ్మితే కొంత తిరిగి వస్తుంది, నిజమే. కట్టినదాంట్లో మూడో వంతు వచ్చినా 1,200 పైనే పోయినట్టు. సెలవుల్లో మాత్రమే బయటకు తీసే బండికి ఇది చాలా ఎక్కువ.

ఇంకో మాట కొంచెం కటువుగా అనిపించినా చెప్పాలి. నెలకు 22 కట్టగలనన్నారు. ఆ 22 నిజంగా ప్రతి నెలా మిగులుతుంటే 30 బాకీ రెండు నెలల్లో తీరిపోవాలి. తీరలేదంటే ఆ డబ్బు కాగితం మీదే ఉంది, చేతిలో లేదు. అందుకే ముందు రెండు నెలలు కిస్తీ కట్టినట్టే 22 తీసి కార్డుకు కట్టి చూడండి. కార్డు వడ్డీ కట్టుకుంటూ రిపేరు చేయించడమంటే ప్రతి పార్టునూ దాని అసలు ధర కన్నా ఎక్కువకు కొనడమే. ఆ రెండు నెలలు 22 కట్టలేకపోతే, కొత్త బండి మీ స్తోమతకు మించినదని మీకే తెలుస్తుంది.

బాకీ తీరాక అసలు పని మొదలవుతుంది. పాత బండిలో ‘అనుకోని ఖర్చు’ అని మనం పిలిచేవాటిలో చాలావరకు ముందే తెలిసేవే. రబ్బరు గట్టిపడుతుంది, బెల్టుకు గడువు తీరుతుంది, బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఇవన్నీ తేదీ వేసి ఉన్న బిల్లులు. ఒక నోటుపుస్తకంలో ఒక్కో భాగానికి ఒక్కో వరుస పెట్టి, ఎప్పుడు మార్చారు, మళ్లీ ఎప్పుడు మార్చాలి, ఎంతవుతుంది అని రాయండి. టైర్లకు 36 అవుతుంది, ఇంకా మూడేళ్లు వస్తాయనుకుంటే నెలకు 1 తీసిపెట్టాలి. టైమింగ్ బెల్ట్ (ఇంజిన్‌లో వాల్వులను పిస్టన్లతో లయ తప్పకుండా నడిపే బెల్టు) పనికి 12, ఏడాదిలో చేయాలంటే నెలకు ఇంకో 1. ఇలా అన్నీ కూడితే మీ విషయంలో నెలకు 8 నుంచి 9 దాకా రావచ్చు. దాన్ని జీతం పడిన రోజే విడిగా ఓ ఖాతాలోకి పంపండి. కుటుంబం కోసం మూడు నుంచి ఆరు నెలల ఖర్చుకు సరిపడా ఉంచుకునే అత్యవసర నిధి వేరు, ఇది వేరు. క్లచ్ పోవడం కుటుంబానికి అత్యవసరం కాదు.

టైర్ల వయసు తెలుసుకోవడం తేలిక. టైరు పక్క గోడ మీద DOT అనే ఇంగ్లిషు అక్షరాల తర్వాత వచ్చే వరుసలో చివరి నాలుగు అంకెలు చూడండి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైంది. ఆఫ్‌రోడ్ బండ్లు తక్కువ తిరుగుతాయి కాబట్టి గాడులు లోతుగానే కనిపిస్తాయి, రబ్బరు మాత్రం ఎండి పగుళ్లిస్తుంది. టైమింగ్ బెల్ట్ కూడా అంతే. కిలోమీటర్లు తిరగకపోయినా ఏళ్లు గడిస్తే మార్చాల్సిందే. మీ ఇంజిన్‌కు బెల్టు ఉందో, చైను ఉందో, గేర్లు ఉన్నాయో మాన్యువల్‌లో చూడండి. బెల్టు అయితే, డీజిల్ ఇంజిన్‌లో అది తెగినప్పుడు సాధారణంగా వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. బెల్టు పనికి అయ్యేదానికి ఎన్నో రెట్లు చేతి చమురు వదులుతుంది.

ఇంట్లో చేసుకునే పనుల్లో డబ్బు పరంగా నాకు ఎక్కువ నచ్చేవి ఆయిల్ మార్పులు కావు. చిన్న ఖర్చుతో పెద్ద నష్టాన్ని ఆపే పనులు. మీ ముందు డిఫరెన్షియల్ (ఇరుసు మధ్యలో ఉండి రెండు చక్రాలకూ శక్తి పంచే గేర్ల పెట్టె) ఎందుకు పోయిందో మెకానిక్‌ను అడిగారా? లోపలి ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో ఉందన్నాడంటే నీళ్లు దిగాయన్నమాట. వేడెక్కిన ఆక్సిల్ (ఇరుసు) ఒక్కసారిగా వాగు నీళ్లలో దిగితే లోపలి గాలి చల్లబడి కుంచించుకుంటుంది. బ్రీదర్ (ఆక్సిల్ లోపలికీ బయటికీ గాలి ఆడే చిన్న రంధ్రం) మూసుకుపోయి ఉంటే సీళ్ల సందుల్లోంచి, అది నీళ్లలో మునిగి ఉంటే దాని గుండానే నీటిని లోపలికి లాక్కుంటుంది. ఆ తర్వాత బేరింగులు, లోపలి క్రౌన్ పినియన్ గేర్లు వరసగా పోతాయి. బ్రీదర్‌కు ఓ రబ్బరు గొట్టం తగిలించి ఇంజిన్ గది పైభాగానికి తెచ్చుకోవడం ఇంట్లో ఒక పూట పని. నీళ్లు దాటి వచ్చిన ప్రతిసారీ రెండు డిఫరెన్షియల్స్‌లో, గేర్‌బాక్స్‌లో, ముందు వెనక ఆక్సిళ్లకు శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేస్‌లో ఆయిల్ రంగు చూడండి. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోకూడదు.

ఇదే వరసలో మరికొన్ని ఉన్నాయి. ఆక్సిళ్లకు శక్తి తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింట్లకు గ్రీజు కొట్టడం, రేడియేటర్ హోసులు పిండి చూసి మెత్తబడినవి మార్చడం, ఛాసిస్ (బండి అడుగు చట్రం) లోపల చేరిన బురద కడిగి నీరు కారే రంధ్రాలు తెరిచి ఉంచడం. రెండేళ్లకోసారి బ్రేక్ ఫ్లూయిడ్ మార్చడం కూడా. డాట్ 4 రకం బ్రేక్ ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 155కు పడిపోవచ్చు. కొండ దిగుతూ బ్రేకులు వేడెక్కినప్పుడు ఆ తేడా ప్రాణం మీదికొస్తుంది.

మరి ఏది మెకానిక్‌కు వదలాలి? స్టీరింగ్, ఛాసిస్ వెల్డింగ్, డిఫరెన్షియల్ సెట్టింగ్, కాయిల్ స్ప్రింగులు విప్పడం. ఇక్కడ కూలీ మిగుల్చుకోవడం పొదుపు కాదు. పెద్ద పని చేయించినప్పుడు మాత్రం పక్కన ఉన్నవి కలిపి చేయించండి. క్లచ్ కోసం ట్రాన్స్‌ఫర్ కేస్‌తో సహా గేర్‌బాక్స్ దించుతారు, బిల్లులో ఎక్కువ భాగం ఆ దించే కూలీయే. అప్పుడే రిలీజ్ బేరింగ్, క్రాంక్ వెనక ఆయిల్ సీల్ మార్చేస్తే మళ్లీ దించక్కర్లేదు. టైమింగ్ బెల్ట్‌తో పాటు దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్‌నూ, ఆ బెల్ట్ మీదే నడిచేదైతే వాటర్ పంపునూ మార్చడం కూడా ఇలాంటిదే. పనిముట్ల విషయంలో మంచి సాకెట్ సెట్టు, టార్క్ రెంచ్, గ్రీజు గన్ కొనుక్కోండి. ఏళ్లకోసారి వాడేవి అద్దెకు తెచ్చుకోవచ్చు. కొనాల్సిన మొదటి వస్తువు మాత్రం బండి బరువుకు తగిన ఆక్సిల్ స్టాండ్ల జత. ఒక్క జాకీని నమ్మి బండి కిందకు ఎప్పుడూ దూరవద్దు.

ఇదంతా ఛాసిస్ గట్టిగా ఉంటేనే. మీరు దాని గురించి రాయలేదు కాబట్టి, ఇంకే ఖర్చూ పెట్టకముందు బండిని గ్యారేజీ లిఫ్ట్ మీదకెక్కించి, మీరు మామూలుగా పని ఇవ్వని మెకానిక్‌తో పరీక్ష చేయించండి. సస్పెన్షన్ బిగించే చోట్ల తుప్పు లోపలికి తినేసి ఉంటే, అమ్మమంటున్న మీ ఆవిడ మాట సరైనదే. కొనేవాళ్లకు ఉన్నది ఉన్నట్టు చెప్పి అమ్మండి. అప్పుడు ‘మొన్ననే 65 పెట్టాను కదా’ అన్న ఆలోచన రానివ్వకండి. ఆ డబ్బు అమ్మినా రాదు, ఉంచుకున్నా రాదు. ఇకపై ఎంత పెట్టాలన్నదే లెక్క. పార్టులు దొరక్క నెలల తరబడి బండి నిలిచిపోవడం మొదలైనా అమ్మడం గురించి ఆలోచించాల్సిందే. ఇంట్లో చిన్న కారు ఉంది కాబట్టి ఒకటి రెండు వారాలు ఆగితే మీకు నష్టం లేదు. ఇదొక్కటే బండి అయిన కుటుంబానికి నేను ఇదే సలహా ఇవ్వను.

పెద్ద టైర్లు, లిఫ్ట్ ఏడాది పాటు ఆపండి. పెద్ద టైరు ధర ఆ టైరుతో ఆగదు. ప్రతి గేరులోనూ ఇంజిన్ మీద భారం పెరుగుతుంది, మైలేజీ తగ్గుతుంది, స్పీడోమీటర్ అసలు వేగం కన్నా తక్కువ చూపిస్తుంది, వీల్ బేరింగుల మీదా బ్రేకుల మీదా భారం పెరుగుతుంది. లిఫ్ట్ వేస్తే షాఫ్టుల కోణం మారి జాయింట్లు త్వరగా అరుగుతాయి. పైగా ఇలాంటి మార్పులను ఇన్సూరెన్స్ వాళ్లకు ముందే రాతపూర్వకంగా చెప్పాలి, లేకపోతే క్లెయిమ్ దగ్గర ఇబ్బంది పడతారు. ఏడాది తర్వాత బండి నిధిలో అనుకున్నంత నిల్వ ఉంటే, విడిగా దాచిన డబ్బుతో చేయించుకోండి.

వించ్ మాత్రం వేరు. ఒంటరి దారుల్లో తిరిగేవాళ్లకు అది షోకు కాదు, కాబట్టి మిగతా మార్పుల కన్నా ముందు దానికే డబ్బు దాచండి. లాగే సామర్థ్యం సామానుతో కలిపిన బండి పూర్తి బరువుకు కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలి. కొనేముందు బ్యాటరీ, ఆల్టర్నేటర్ పరీక్ష చేయించండి. అవి బలహీనంగా ఉంటే వాటి ఖర్చు కూడా వించ్ ధరలో కలిపి లెక్క వేసుకోండి. అప్పటిదాకా సాగే రికవరీ స్ట్రాప్, రేటింగ్ ఉన్న షాకిల్స్ (స్ట్రాప్‌ను బండికి తగిలించే ఇనుప కొక్కేలు), ఓ పార వెంట ఉంచుకుని, తోడుగా ఇంకో బండి వచ్చినప్పుడే కష్టమైన దారుల్లోకి వెళ్లండి.