క్రీట్ పాటలు ఎందుకు అర్థం కావడం లేదంటే

రెండేళ్లు గ్రీకు నేర్చుకున్నా క్రీట్ దీవి పాటల్లో ఒక్క ముక్కా అర్థం కావట్లేదని, ఆ వయొలిన్ లాంటి వాద్యం పేరేమిటని అడిగారు కదండీ. మీ గ్రీకులో లోపమేమీ లేదు, అది అక్కడి యాస.

ముందు ఒక్క మార్పు పట్టుకోండి. ఇ, ఎ ల ముందు 'క' వస్తే వాళ్లు 'చ' అంటారు. 'మరియు' అనే అర్థమున్న 'కె' వాళ్ల నోట 'చె' అవుతుంది. మనకిది కొత్త కాదు, కన్నడంలో 'కివి' మన దగ్గర 'చెవి' అయినట్టే! అలాగే 'ఏమిటి' అనడానికి మామూలు గ్రీకు 'తి' బదులు 'ఇందా' అంటారు.

ఆ వాద్యం లీరా. మూడు తీగలు. తొడమీద నిలబెట్టి కమానుతో వాయిస్తారు. వేళ్లతో తీగని నొక్కరు, గోరు వెనకవైపుని తీగ పక్కన ఆనిస్తారు. ఏదైనా వీడియోలో ఎడమచేతిని గమనించండి, ఎంత ముచ్చటగా ఉంటుందో!

పాటలకి మందినాదలతో మొదలుపెట్టండి. 15 అక్షరాల పాదాలు రెండు, చివర ప్రాస, అంతే. ఆ పేరు వెనీషియన్ల (ఇటలీలోని వెనిస్ వాళ్ల) మాట నుంచి వచ్చింది. 1669లో క్రీట్‌లోని కాందియా (ఇప్పటి హెరాక్లియన్) కోట ఒట్టోమన్ తుర్కుల చేతికి పోయేదాకా నాలుగు శతాబ్దాలకు పైగా ఆ దీవిని వెనీషియన్లే ఏలారు మరి. రోజుకొక్కటి రాసుకుని, 'చ' ఉన్నచోట 'క' పెట్టి చదివి చూడండి.