కోపం వచ్చిన పిల్లవాడికి కథ రాసేటప్పుడు

చిరంజీవి తమ్ముడికి,

నువ్వు పంపిన పిల్లల కథ అందింది. భాష హాయిగా ఉంది, రెండో తరగతి పిల్లలు కూడా తడుముకోకుండా చదువుకుంటారు. కోపం అదుపులో పెట్టుకోవడం, ఎదుటివాళ్ళతో మర్యాదగా మసలుకోవడం నేర్పాలని రాశానన్నావు. అలాంటి కథలు మనకి ఇంకా చాలా కావాలి, అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను. ఇప్పుడున్నట్టుగా ఉంటే ఈ కథ ఆ పని చెయ్యదు. కొంచెం తిరగరాస్తే చేస్తుంది.

నీ కథలో కుర్రాడు బొమ్మ వేసుకుంటున్నాడు. చెల్లెలు వచ్చి దాని మీద గీతలు గీసేసింది. "వాడికి చాలా కోపం వచ్చింది" అని ఒక్క వాక్యం రాసి, వెంటనే వాడి చేత చెల్లిని కొట్టించావు. అక్కడి నుంచి తాతయ్య వచ్చి, కోపం ఎంత చెడ్డదో పేజీన్నర చెప్పాడు. వాడికి బుద్ధొచ్చింది, సారీ చెప్పాడు, కథ అయిపోయింది.

దీన్ని ఆరేళ్ళ పిల్లవాడి వైపు నుంచి చూడు. వాడు రోజూ పడే అవస్థ ఏదైతే ఉందో అది ఒక్క వాక్యంలో తేలిపోయింది. తాతయ్య మాటలు మాత్రం వాడు ఇంట్లో, బడిలో, పక్కింట్లో వింటూనే ఉన్నాడు. కథలోకి వచ్చినా మళ్ళీ అవే మాటలు వినబడితే పుస్తకం మూసేసి ఆడుకోవడానికి పోతాడు. అది వాడి తప్పు కాదు.

కోపం దగ్గర ఆగు. ఇలా రాసి చూడు:

"మధ్యాహ్నం నుంచీ ఆ బొమ్మ మీదే ఉన్నాడు. ఇల్లు అయింది. ఇంటి పక్కన కొబ్బరిచెట్టు అయింది. నాన్న మోటార్ సైకిల్ కూడా అయింది, చక్రాల్లో పుల్లలతో సహా. నాన్న రాగానే చూపించాలి. మంచినీళ్ళు తాగి వచ్చేసరికి మోటార్ సైకిల్ మీద నల్ల క్రేయాన్ పిచ్చిగీతలు. 'అన్నా, నేను కూడా వేశా' అని చెల్లి నవ్వుతోంది. వాడి చెవులు వేడెక్కాయి. గొంతుకి ఏదో అడ్డం పడింది. అమ్మ దీన్నేమీ అనదు. చిన్నది కదరా అంటుంది. ఎప్పుడూ అంతే. చెయ్యి ఎప్పుడు లేచిందో వాడికే తెలీదు."

కథ వింటున్న పిల్లవాడు ఇక్కడ ఊ కొట్టడం మానేసి నీ మొహంలోకి చూస్తాడు. చెవులు వేడెక్కడం వాడికి తెలుసు. దాని పేరు కోపమని, అది వచ్చేముందు ఒంట్లో ఇలా ఉంటుందని వాడికి ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. పైగా ఆ కోపం అడుగున ఇంకోటి ఉంది చూడు, అమ్మ చెల్లినే వెనకేసుకొస్తుందన్న దిగులు. పిల్లల కోపాల్లో చాలావాటికి అడుగున ఇలాంటిదేదో ఉంటుంది. భయమో, సిగ్గో, ఉడుకుమోత్తనమో, ఒక్కోసారి వట్టి ఆకలో, నిద్రో. రచయిత పని దాన్ని పైకి తీసి చూపించడం. 2007లో అమెరికాలో మాథ్యూ లీబర్మన్ అనే శాస్త్రవేత్త బృందం పెద్దవాళ్ళ మెదళ్ళని స్కాన్ చేస్తూ, కోపంతో, భయంతో ఉన్న మొహాలు చూపించి ఆ భావం పేరేమిటో ఎంచుకోమంది. పేరు పెట్టినప్పుడు మెదడులో ఉద్వేగానికి స్పందించే అమిగ్డలా అనే భాగంలో అలజడి తగ్గింది. అది పెద్దవాళ్ళ మీద చేసిన పరీక్షే గానీ, మనసులో ఉన్నదాన్ని మాటల్లో పెట్టుకున్న పిల్లలు ఎంత తొందరగా తేరుకుంటారో అమ్మమ్మలు ఎవర్నడిగినా చెప్తారు.

మనవాళ్ళకి ఈ విద్య కొత్తది కాదు. ఏడు చేపల కథ తీసుకో. చేప ఎండలేదు. ఎందుకు ఎండలేదని చేపనే అడుగుతారు. గడ్డిమోపు అడ్డమొచ్చిందంటుంది. గడ్డిమోపుని అడిగితే ఆవు మెయ్యలేదు, ఆవుని అడిగితే గొల్లవాడు మేపలేదు, గొల్లవాణ్ణి అడిగితే అవ్వ బువ్వ పెట్టలేదు, అవ్వని అడిగితే పాప ఏడ్చింది, పాపని అడిగితే చీమ కుట్టింది. చివరికి చీమని కూడా అడుగుతారు. "నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?" అంటుంది అది. ఈ కథలో ఎవరూ ఎవరి మీదా చెయ్యి చేసుకోరు, ఎవర్నీ చెడ్డవాళ్ళని అనరు. ప్రతివాళ్ళనీ ఎందుకని అడుగుతారు, ప్రతివాళ్ళకీ జవాబు చెప్పుకునే వీలు దొరుకుతుంది. ఒకరి ఏడుపు వెనక ఇంకొకరి నొప్పి ఉంటుందన్న సంగతి మూడేళ్ళ పిల్లకి కూడా అందుతుంది. చీమ మాటతో కథ ఆగిపోతుంది, కింద 'నీతి' అని ఏమీ ఉండదు.

నీ తాతయ్య పేజీన్నర మాట్లాడాడు గానీ, "ఏం జరిగిందిరా?" అని ఒక్కసారి అడగలేదు. ఆ ఒక్క ప్రశ్న అడిగించు. ఉపన్యాసమంతా కొట్టెయ్యొచ్చు.

అలాగని కొట్టినా ఫరవాలేదన్న అర్థం రాకూడదు. చెల్లి బుగ్గ ఎర్రబడిందని రాయి. అది ఏడవడం మర్చిపోయి అన్నవైపు బిత్తరపోయి చూసిందని రాయి. చేసిన పని ఎంత దూరం పోయిందో పిల్లవాడు కళ్ళారా చూడాలి, ఇంకొకరు విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ తర్వాత వాడి చేత సారీ చెప్పించి ముగించకు. ఈ రోజుల్లో పిల్లలకి సారీ అనేది తలుపు తీసే తాళంచెవి అయిపోయింది, అనేస్తే ఆటకి వదిలేస్తారు. వాడు ఏదైనా చెయ్యాలి. మంచం కింద కాసేపు దాక్కుని, బయటికొచ్చి, చెల్లికి వేరే కాగితం ఇచ్చి, తన బొమ్మని ఈసారి బీరువా మీద పెట్టుకోవచ్చు. రెండు రోజుల తర్వాత మళ్ళీ చెవులు వేడెక్కితే పెరట్లో కుళాయి దగ్గరికి పరిగెత్తి మొహం మీద నీళ్ళు చల్లుకోవచ్చు. పది లెక్కపెట్టమని అందరూ చెప్తారు. నీ కుర్రాడు ఐదు దగ్గరే గాడి తప్పి మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాడని రాస్తే, వినే పిల్లవాడికి అది తనవల్ల కూడా అయ్యే పనే అనిపిస్తుంది.

శిక్షతో భయపెట్టే కథల సంగతి కూడా చెప్పాలి. 'నాన్నా పులి' కథ మనందరికీ తెలుసు. అబద్ధాలాడిన కుర్రాణ్ణి చివరికి పులి తినేస్తుంది. ఇదే బాపతు తోడేలు కథని కెనడాలో కాంగ్ లీ, విక్టోరియా తల్వార్ తదితర పరిశోధకులు పరీక్షకి పెట్టారు, ఫలితాలు 2014లో అచ్చయ్యాయి. మూడు నుంచి ఏడేళ్ళ పిల్లల్ని గదిలో కూర్చోబెట్టి, వాళ్ళ వెనక ఒక ఆటబొమ్మ పెట్టి, వెనక్కి తిరిగి చూడొద్దని చెప్పి కాసేపు బయటికి వెళ్ళారు. తిరిగొచ్చాక ఒక కథ చెప్పి, చూశావా అని అడిగారు. తోడేలు కథ విన్నవాళ్ళు మామూలుగా ఎంత అబద్ధమాడతారో అంతే ఆడారు. అబద్ధమాడితే ముక్కు పొడుగయ్యే పినోకియో కథదీ అదే ఫలితం. జార్జ్ వాషింగ్టన్ చిన్నప్పుడు చెర్రీ చెట్టు నరికి, నేనే నరికానని ఒప్పుకుంటే తండ్రి సంతోషించాడన్న కథ మాత్రం పనిచేసింది. అది విన్న పిల్లల్లో నిజం చెప్పినవాళ్ళు ఎక్కువ. అదే కథకి చివర్లో శిక్ష పెట్టి చెప్తే ఆ ప్రభావం పోయింది. తప్పు ఒప్పుకున్నాక కూడా ఇంట్లో తనకి చోటుంటుందన్న ధైర్యం కలిగితేనే పిల్లవాడు నిజం చెప్తాడు. నీ కథలో ఆ ధైర్యం ఇచ్చేవాళ్ళు ఒకరైనా ఉండాలి.

రెండో కథకి ఎలుగుబంటిని హీరోగా పెడదామా అని అడిగావు. 2017లో టొరంటోలో వచ్చిన ఇంకో అధ్యయనం చూడు. నాలుగు నుంచి ఆరేళ్ళ పిల్లల్లో కొందరికి మనుషులు పంచుకునే కథ, కొందరికి అదే కథ జంతువులతో చెప్పి, తర్వాత ఎన్ని స్టిక్కర్లు వేరే పిల్లలకి ఇస్తారో చూశారు. మనుషుల కథ విన్నవాళ్ళే ముందుకంటే ఎక్కువ ఇచ్చారు. జంతువుల కథ విన్నవాళ్ళలో, ఆ జంతువులకీ మనలాంటి మనసే ఉంటుందని అనుకున్న పిల్లలు కాస్త ఎక్కువ ఇచ్చారు. పంచతంత్రాన్ని తీసి అటక మీద పెట్టమని నేననను. నూతిలో తన నీడ చూసి ఇంకో సింహమనుకుని దూకిన సింహం కథ వింటే ఏ పిల్లలైనా చప్పట్లు కొడతారు. అయితే వాళ్ళు కుందేలు పక్షం చేరి చప్పట్లు కొడతారు, కోపంతో కళ్ళు మూసుకుపోయిన ఆ సింహంలో తమని తాము చూసుకోరు. తెలివి గురించి చెప్పాలంటే జంతువులు బాగా పనికొస్తాయి. అన్నాచెల్లెళ్ళ కొట్లాట గురించి రాసేటప్పుడు అన్నాచెల్లెళ్ళనే పెట్టు.

ఇక మర్యాద సంగతి. నన్ను అన్నిటికన్నా బాధపెట్టింది ఇదే. నీ కథలో పనిచేసే ఆమె రెండుసార్లు కనిపిస్తుంది, రెండుసార్లూ 'పనిమనిషి' అనే రాశావు. ఆమెకి పేరు లేదు. ఏడేళ్ళ కుర్రాడు ఆమెని "ఏయ్, నీళ్ళు తే" అంటాడు, ఎవరూ ఏమీ అనరు, రచయితగా నువ్వూ అనలేదు. డాక్టరు వస్తే మాత్రం 'డాక్టరుగారు వచ్చారు' అని రాశావు, ఆటో నడిపే ఆయన రాగానే 'ఆటోవాడు వచ్చాడు' అయింది. పిల్లలు మర్యాద నేర్చుకునేది ఇక్కడే, తాతయ్య ఉపన్యాసంలో కాదు. అపార్ట్‌మెంట్‌లో కార్లున్న వాళ్ళందరూ అంకుల్, ఆంటీ. కార్లు కడిగే తాతవయసు మనిషి ఉత్త పేరు. పెద్ద కులాల ఇళ్ళలో చిన్నపిల్లలు ముసలి పాలేర్లని 'ఒరే' అని పిలిచిన రోజులు మన ఊళ్ళలో ఎంతో దూరం పోలేదు. ఆ అలవాటు ఇప్పుడు లిఫ్ట్ ఎక్కి పై అంతస్తుకి వచ్చింది, అంతే తేడా. కథలో ఆమెకి ఆదెమ్మ అని పేరు పెట్టు. "ఆదెమ్మత్తా, కొంచెం నీళ్ళిస్తారా?" అని కుర్రాడి చేత అనిపించు. ఆటో నడిపే ఆయన కూడా 'వచ్చారు' అనే రాయి. ఎందుకలా రాశావో ఎక్కడా వివరించకు.

పిల్లవాడి మర్యాద కూడా నీ చేతుల్లోనే ఉంది. వాణ్ణి కథలో ఎవరూ నలుగురి ముందు నవ్వులపాలు చెయ్యకూడదు. పెద్దల మాట వినడం అంటే నోరు మూసుకోవడం అనుకునే పిల్లల్ని మనం తయారు చెయ్యొద్దు. "బుగ్గ గిల్లొద్దు మామయ్యా, నాకు నొప్పిగా ఉంటుంది" అని చెప్పగలిగిన పిల్ల ఒక కథలో కనిపిస్తే, ఆ మామయ్య సరేనమ్మా అని చెయ్యి తీసేస్తే, ఎంతమంది పిల్లలకి ఊపిరి ఆడుతుందో ఆలోచించు. చీమకున్న బంగారు పుట్ట పిల్లలకీ ఉంటుంది.

ఈ పనిలో మనకి మంచి పెద్దలున్నారు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియోలో పిల్లల కార్యక్రమాలు నడిపారు, 1945లో 'బాల' పత్రిక పెట్టారు. తెలుగు పిల్లలకి వాళ్ళు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య. పిల్లల చేత పాడించారు, నాటకాలు వేయించారు, మాట్లాడించారు. కథ రాసేటప్పుడు నువ్వు కూడా పిల్లల పక్కన అన్నయ్యలా కూర్చో, వాళ్ళ ఎదురుగా జడ్జిలా కూర్చోకు.

ఒక్క జాగ్రత్త. కిందపడి గింజుకుంటున్న పిల్లకి అప్పటికప్పుడు కథ చెప్పమని తల్లిదండ్రులకి ఎప్పుడూ సలహా ఇవ్వకు. ఆ టైములో వాళ్ళ చెవికి ఏదీ ఎక్కదు, దగ్గరకి తీసుకునే మనిషి కావాలి. కథ అంతా సర్దుకున్నాక, రాత్రి పక్క మీదో, బస్సులో కిటికీ పక్కనో చెప్పాలి. అది కూడా "నీలాంటివాడే ఒకడు" అని మొదలుపెడితే, తన మీదే వేస్తున్నారని పిల్లవాడు ఇట్టే కనిపెట్టేస్తాడు.

తిరగరాశాక అచ్చుకి పంపకముందు మీ ఊరి ప్రాథమిక పాఠశాలకి వెళ్ళు. హెడ్మాస్టరుగార్ని అడిగి ఒకటో రెండో తరగతిలో నేల మీద కూర్చుని చదివి వినిపించు. అయిపోయాక 'ఈ కథలో నీతి ఏమిటి?' అని అడక్కు, అడిగితే వాళ్ళు నీకు కావలసిన జవాబే చెప్తారు. ఎక్కడ పక్కచూపులు చూశారో గుర్తుపెట్టుకో, అక్కడ కత్తిరించు. మధ్యలో అడ్డం తగిలి వాళ్ళు అడిగిన ప్రశ్నలు మాత్రం ఉన్నవి ఉన్నట్టు రాసి, కథతో పాటు నాకు పంపు. వాటికోసం ఎదురుచూస్తుంటాను.

ఆశీస్సులతో,
అక్కయ్య